బురదలో నేర్చింది తారురోడ్డు మీద పనికిరాదా?

ఆటల్లో పైకి రావాలంటే చిన్నప్పుడే ఒక్కదాన్ని పట్టుకోవాలట. పట్టుకున్నాక వదలకూడదట, పక్కకు చూడకూడదట. మా చెల్పూర్ బడి గ్రౌండు నుంచి హనుమకొండ స్టేడియం దాకా ఎవరిని కదిపినా ఇదే మాట. కబడ్డీ ఆడే పిల్ల లాంగ్‌జంప్‌కు పేరిస్తే "ఉన్నది కూడా పోగొట్టుకుంటవ్ బిడ్డా" అని పెద్దవాళ్ళు మందలిస్తారు. రెండు పడవల సామెత ఎలాగూ నాలుక చివరే ఉంటుంది. పత్రికల ఆటల పేజీలు, అకాడమీల కరపత్రాలు, గెలిచినవాళ్ళ తల్లిదండ్రుల ఇంటర్వ్యూలు అన్నీ కలిసి దీన్ని ఎవరూ ఎదురడగని సత్యంగా మార్చేశాయి. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటగట్టే చదువుల వ్యాపారానికి అలవాటుపడ్డ మనకు, ఆరో తరగతిలోనే ఆట ఖరారు చెయ్యడం వింతగా కూడా తోచడం లేదు.

ఈ వాదన ఎంత డొల్లదో చెప్పడానికి నేను పిలుస్తున్న సాక్షి నెదర్లాండ్స్ సైక్లిస్టు మారియాన్ వోస్. ఆమెనే ఎందుకంటే, సైక్లింగ్ సంగతులు కాస్త తెలిసిన, ఒక్కదాన్నే పట్టుకోమనే "ఒక్క ఆటవాదులు" కూడా ఆమె పేరే చెప్తారు. అన్నిట్లో వేలుపెట్టి ఐదేళ్ళు వరుసగా ప్రపంచ టైటిల్ పోగొట్టుకుందని, చివరికి 2015లో కుప్పకూలిందని వాళ్ళ లెక్క. సరే, ఆ రెండు సంగతులనే తిరగేసి చూద్దాం.

1987 మే 13న పుట్టిన వోస్ బాబిలోనియెన్‌బ్రూక్ అనే చిన్న పల్లెలో పెరిగింది. అన్న సైకిల్ పోటీలకు పోతుంటే తానూ వెంటపడింది. 2004లో జూనియర్లలో ప్రపంచ రోడ్డు విజేత. 2006 జనవరిలో జెడ్డమ్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. అదే ఏడు సెప్టెంబరులో సాల్జ్‌బర్గ్‌లో పెద్దల రోడ్డు రేసు టైటిల్. 2008లో మాంచెస్టర్‌లో ట్రాక్ మీద పాయింట్స్ రేసు ప్రపంచ టైటిల్, ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో అదే రేసులో స్వర్ణం. ఇరవై రెండో పుట్టినరోజు రాకముందే మూడు విభాగాల్లో ప్రపంచ విజేత.

ఈ మూడూ ఒకటే కదా, అన్నీ సైకిలే కదా అనేవాళ్ళుంటారు. అనుకోవడం తేలికే. తొలకరి తర్వాత పత్తిచేను బాటలో సైకిల్ తోలినవాళ్ళకు సైక్లోక్రాస్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నల్లరేగడి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనని మొండికేస్తుంది. ఇక దిగి, బండిని భుజానేసుకుని గట్టి నేల దాకా నడవాల్సిందే. యూరప్‌లో చలికాలం పొడుగునా ఆ పనినే పందెంగా పెడతారు. మూడు కిలోమీటర్ల చుట్టు, మధ్యలో కావాలని నిలబెట్టిన పలకలు, మెట్లు, బురద గుంటలు. ముప్పావుగంట నుంచి గంట దాకా గుండె గొంతులోనే ఉంటుంది. రోడ్డు రేసు దీనికి పూర్తిగా వేరు. గంటల తరబడి సాగుతుంది, గాలి ఎటు వీస్తోంది, ఎవరి వెనక దాక్కోవాలి, జట్టులో ఎవరిని ఎప్పుడు ఖర్చు పెట్టాలి అన్నదే అందులో సగం విద్య. ఇక ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు, ఒక్కటే గేరు. బీజింగ్ పాయింట్స్ రేసు 25 కిలోమీటర్లు, వంద చుట్లు. ప్రతి పది చుట్లకూ ఒక స్ప్రింటు, దానికి పాయింట్లు. గుంపు మొత్తాన్ని ఒక చుట్టు దాటేస్తే ఏకంగా ఇరవై. వోస్ ఆ రోజు గుంపును దాటేసింది.

ఇప్పుడు మొదటి అభియోగం. 2007 నుంచి 2011 దాకా ప్రపంచ రోడ్డు రేసులో వోస్ వరుసగా ఐదుసార్లు రెండో స్థానంలో నిలిచింది. స్టుట్‌గార్ట్, వరేసె, మెండ్రిసియో, జీలాంగ్, కోపెన్‌హాగెన్. చలికాలమంతా బురదలో శక్తి ధారపోసి, మిగిలిన దాంతో రోడ్డెక్కితే ఇంతేనని అప్పుడు చాలామంది తీర్పు చెప్పారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అలసిన మనిషి ఎక్కడ ఓడుతుంది? ఎత్తు మీద గుంపు నుంచి జారిపోయి, ఇరవయ్యో ముప్పయ్యో స్థానంలో వస్తుంది. ఈమె ఐదేళ్ళూ సీజన్ చివర్లో, సుదీర్ఘమైన రేసు ఆఖరి మీటర్ల దాకా ముందు వరుసలోనే ఉంది. 2010, 2011 రెండుసార్లూ ఆమెను ఓడించింది జార్జియా బ్రొంజీని అనే ఇటలీ స్ప్రింటరే. మిగతా మూడుసార్లు గెలిచినవాళ్ళు మార్తా బాస్తియనెల్లి, నికోల్ కుక్, తత్యానా గుదెర్జో. అందరికన్నా గట్టి మనిషి ఎవరో తెలిసిపోయాక పదిమందీ ఆమె చక్రాన్నే పట్టుకుని కూర్చుంటారు. రోడ్డు రేసులో బలానికి పడే పన్ను అది.

అసలు దెబ్బ 2012లో ఉంది. ఆ ఏడు జనవరిలో కోక్సైడె ఇసుకలో వోస్ మళ్ళీ సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచింది. వేసవిలో ఇటలీ టూర్ మొత్తం గెలిచింది. జూలై 29న లండన్‌లో, కుండపోత వానలో, ముగ్గురే మిగిలిన స్ప్రింటులో లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్‌ను వెనక్కి నెట్టి ఒలింపిక్ రోడ్డు స్వర్ణం. సెప్టెంబరులో వాల్కెన్‌బర్గ్‌లో, సొంత జనం మధ్య, ఐదేళ్ళుగా దొరకని రోడ్డు ప్రపంచ టైటిల్. 2013లో మళ్ళీ అదే వరస: ఫిబ్రవరిలో అమెరికాలోని లూయీవిల్‌లో సైక్లోక్రాస్, మార్చి ఆఖరున టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, సెప్టెంబరులో ఫ్లోరెన్స్‌లో రోడ్డు టైటిల్. బురద మానేశాక వచ్చిన గెలుపులా ఇవి? ఒక్క చలికాలం కూడా మానలేదు. కారణమని చూపించింది అలాగే ఉండగా ఫలితం తలకిందులైందంటే, అది ఎన్నడూ కారణం కాదన్నమాట. ఈ చిన్న తర్కం పదో తరగతి పిల్లలకు సైన్సు ప్రయోగాల్లో చెప్తాం. ఆటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరిచిపోతాం.

లండన్ వాన గురించి ఒక్క మాట. తడిసిన తారు మీద మలుపు తీసుకునేటప్పుడు ఎంత వంగాలి, వెనక చక్రం జారితే చెయ్యి బిగించాలా వదలాలా అన్నది పుస్తకంలో దొరకదు, ఎండలో రోడ్డు మీద రోజుకు వంద కిలోమీటర్లు తోలినా పట్టుబడదు. పద్నాలుగేళ్ళ పిల్లగా బురదలో పడి లేచినవాళ్ళకు అది ఒంట్లో ఉంటుంది. ఆ స్వర్ణానికి అదొక్కటే కారణమని నేననను. బురద ఆమెకు నష్టం చేసిందనేవాళ్ళు మాత్రం ఆ రేసు ఆఖరి కిలోమీటర్లు చూడాలి.

ఇక 2015. ఇది వాళ్ళ దగ్గరున్న గట్టి వాదన, దాన్ని పక్కకు నెట్టను. అప్పటికే రోడ్డు, సైక్లోక్రాస్ చేస్తున్న వోస్, 2016 రియో ఒలింపిక్స్ మీద కన్నేసి మౌంటెన్ బైకును కూడా గట్టిగా ఎత్తుకుంది. తొడ వెనక కండరం దెబ్బతింది. అది మానకముందే ఒళ్ళంతా మొరాయించింది. శ్రమ మితిమీరిందని తేల్చారు. ఆ సీజన్ మొత్తం పోయింది. ఇది జరిగింది, తీవ్రంగానే జరిగింది.

అయితే విరిగింది ఏమిటి? క్యాలెండర్ చూడండి. సైక్లోక్రాస్ శరత్కాలంలో మొదలై ఫిబ్రవరికి ముగుస్తుంది. రోడ్డు మార్చిలో మొదలై అక్టోబరు దాకా. మౌంటెన్ బైకు అదే ఎండాకాలంలో రోడ్డు సీజన్ మీద పడి కూర్చుంటుంది. ఏడాదిలో ఒంటికి ఖాళీ వారాలే లేకుండా పోయాయి. పోయింది విశ్రాంతి. ఆ తప్పును రకరకాల ఆటల నెత్తిన రుద్దడం అన్యాయం. ఒక్క ఈతే ఈదేవాళ్ళకు, ఒక్క మారథానే పరుగెత్తేవాళ్ళకు కూడా సరిగ్గా ఇదే జబ్బు వస్తుంది. క్రీడావైద్యులు దానికి పేరు పెట్టి పాఠాలే రాశారు. మన దగ్గర పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారం కూడా లేకుండా ఒకే ఆట ఆడించే చోట్ల పిల్లల మోకాళ్ళు, భుజాలు పదహారేళ్ళకే ఎలా ఉంటున్నాయో ఏ ఎముకల డాక్టరునడిగినా చెప్తాడు.

కోలుకున్నాక ఆమె ఏం చేసిందన్నది ఇంకా ముఖ్యం. ఒక్క ఆటవాదుల రోగనిర్ధారణ సరైనదైతే, వాళ్ళ మందు వేసుకుంటేనే నయం కావాలి. వోస్ ఆ మందు ముట్టలేదు. మౌంటెన్ బైకును పక్కన పెట్టింది, సైక్లోక్రాస్ రేసుల సంఖ్య తగ్గించుకుంది, రోడ్డును అలాగే ఉంచుకుంది. రియోలో తోటి డచ్ రైడర్ అన్నా వాన్ డెర్ బ్రెగెన్ స్వర్ణం గెలిచిన జట్టులో పనిచేసింది. 2019లో ఇటలీ టూర్‌లో నాలుగు స్టేజీలు గెలిచింది. 2022 జనవరిలో ఫాయెట్‌విల్‌లో లూసిండా బ్రాండ్‌ను స్ప్రింటులో ఓడించి ఎనిమిదో సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్ తీసుకుంది. మొదటి దానికీ దీనికీ మధ్య పదహారేళ్ళు. 2024లో పారిస్ ఒలింపిక్ రోడ్డు రేసులో రజతం, అక్టోబరులో ల్యూవెన్‌లో గ్రావెల్ ప్రపంచ టైటిల్. గ్రావెల్ అంటే కంకర బాటల రేసు. దానికి ప్రపంచ పోటీ పెట్టిందే 2022లో, అంటే ఆమె పిల్లప్పుడు లేని విభాగం. అక్కడ రెండో స్థానంలో వచ్చిన లోటె కొపెకీ అప్పటికి వారం కిందటే రోడ్డు ప్రపంచ టైటిల్ నిలబెట్టుకున్న మనిషి. 2025 జూలైలో మహిళల టూర్ ద ఫ్రాన్స్ మొదటి స్టేజీని ప్లుమెలెక్‌లో గెలిచి ముందున్నవాళ్ళకిచ్చే పసుపు జెర్సీ వేసుకునేనాటికి వోస్‌కు ముప్పై ఎనిమిది. పదేళ్ళ కిందట "అయిపోయింది" అన్నవాళ్ళు ఆ సాయంత్రం ఏమనుకున్నారో మరి.

ఒక్కరి కథతో సూత్రం కట్టొద్దంటారు. కట్టను. అదే దేశం నుంచి మాథ్యూ వాన్ డెర్ పూల్‌ను చూడండి. 2023, 2024, 2025 మూడేళ్ళూ ఫిబ్రవరిలో సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, ఆ మూడేళ్ళూ ఏప్రిల్‌లో పారిస్-రూబె గెలిచాడు. రూబె అంటే ఎగుడుదిగుడు రాళ్ళ బాట, రోడ్డు సైక్లింగ్‌లోకెల్లా మొరటు రేసు. ఆయన పడ్డదీ ఉంది: 2021లో టోక్యో ఒలింపిక్ మౌంటెన్ బైకులో, తీసేసిన పలక ఇంకా ఉందనుకుని దూకి నేలకరిచాడు. 2023 ఆగస్టులో గ్లాస్గోలో రోడ్డు ప్రపంచ టైటిల్ గెలిచిన కొద్దిరోజులకే మౌంటెన్ బైకు పోటీలో మొదట్లోనే మళ్ళీ పడ్డాడు. అన్నీ గెలుస్తారని ఎవరూ అనడం లేదు. ఒకచోట పడితే మరోచోట పనికిరారన్న మాటే తప్పంటున్నాను. ఫ్రాన్స్ అమ్మాయి పోలీన్ ఫెరాన్-ప్రెవో 2015లో ఒకేసారి రోడ్డు, సైక్లోక్రాస్, మౌంటెన్ బైకు ప్రపంచ టైటిళ్ళు మూడూ దగ్గర పెట్టుకుంది. 2024లో పారిస్‌లో మౌంటెన్ బైకు ఒలింపిక్ స్వర్ణం గెలిచి, మరుసటి ఏడే రోడ్డుకు తిరిగొచ్చి పారిస్-రూబె, టూర్ ద ఫ్రాన్స్ రెండూ పట్టుకుపోయింది. ఆమె ఆ ఏడు వోస్ జట్టులోనే ఉంది.

"అది నెదర్లాండ్స్ సారూ, మనుషులకన్నా సైకిళ్ళెక్కువున్న దేశం. చెల్పూర్‌లో ఎట్ల?" ఇది వాళ్ళ తర్వాతి మాట. నిజానికి ఈ మాట నా వైపే మొగ్గుతుంది. ఒక్క విభాగంలోనే పదునెక్కాలంటే ఆ విభాగానికి కావలసిన ఏర్పాటంతా కావాలి. ట్రాక్ సైక్లిస్టు కావాలంటే వెలోడ్రోమ్ కావాలి. అది 2002 జాతీయ క్రీడలకని హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టారు, ఇక్కడి నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రోడ్డు సైక్లిస్టు కావాలంటే ఖాళీ రోడ్డు కావాలి. మా ఊళ్ళో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రముంది, అవతల భూపాలపల్లి బొగ్గు గనులున్నాయి, లారీలు ఆగకుండా తిరిగే పరకాల-భూపాలపల్లి రోడ్డుంది. ఆ రోడ్డు మీదికి సన్న టైర్ల సైకిలిచ్చి పిల్లను పంపే తల్లి ఉండదు, ఉండకూడదు కూడా. మరి ఏముంది మా దగ్గర? చెరువు కట్టలున్నాయి, డొంకలున్నాయి, ఎర్రమట్టి బాటలున్నాయి, వానాకాలం నల్లమట్టి ఉంది, బడి గ్రౌండుంది. సైక్లోక్రాస్, గ్రావెల్, మౌంటెన్ బైకు పుట్టిన నేల ఇలాంటిదే. లేనివాళ్ళకు అందేది ఉన్న నేలనల్లా వాడుకునే పద్ధతే. ఒక్కదాన్నే పట్టుకోమనే పద్ధతికి లక్షల సామగ్రి, పట్నం హాస్టలు, నెలనెలా ఫీజు కావాలి. పేదింటి పిల్లకు ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చెప్పరు.

మనవాళ్ళలో ఇలాంటి మనిషి లేడనీ అనకండి. మద్రాసులో క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు కోటా రామస్వామి 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభై ఏళ్ళు నిండాక మాంచెస్టర్‌లో తన మొదటి క్రికెట్ టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. అవి దొరల కాలపు తీరిక ఆటలని కొట్టిపారేస్తారేమో, పారెయ్యండి. అగసర నందినిని కొట్టిపారెయ్యలేరు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. హర్డిల్స్‌లో మెరుస్తున్న పిల్ల ఇనుపగుండు ఎందుకు విసరాలి, బల్లెం ఎందుకు పట్టాలి, ఎనిమిది వందల మీటర్లు ఎందుకు పరుగెత్తాలి అని ఒక్క ఆటవాది అడిగేవాడే. ఆమె హెప్టాథ్లాన్ ఎంచుకుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5,712 పాయింట్లతో, నాలుగంటే నాలుగు పాయింట్ల తేడాతో, కాంస్యం అందుకుంది. 2025లో గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5,941 పాయింట్లతో స్వర్ణం. ఏడు అంశాలకు సాధన చెయ్యడం ఆమెకు పరధ్యానం కాలేదు.

సింధు సంగతేమిటంటారు. పీవీ సింధు చిన్నప్పుడే రాకెట్ పట్టింది, మరోవైపు చూడలేదు, రెండు ఒలింపిక్ పతకాలు, 2019లో ప్రపంచ టైటిల్. ఒప్పుకుంటున్నాను. బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్ లాంటి వాటిలో చెయ్యీ కన్నూ చాలా ముందే కుదరాలి. కానీ ఆమె తండ్రి రమణ ఆసియా క్రీడల్లో వాలీబాల్ పతకం గెలిచినవాడు, తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణి. ఇంట్లోనే ఇద్దరు నిపుణులున్న పిల్ల దారిని, గ్రౌండుకు గోల్‌పోస్టు కూడా లేని ఊరి పిల్లకు కొలబద్దగా పెట్టడం ఏం న్యాయం? ఒక్క ఆటే పట్టుకుని పద్నాలుగేళ్ళకు విసిగిపోయి, అది రాదని తేలాక మరోటి తెలియక, గ్రౌండే మానుకున్న పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రులను ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరు.

స్పోర్ట్స్ కోటా భయం వేరు, దాన్ని ఎగతాళి చెయ్యను. సర్టిఫికెట్ మీద రాసేది ఒకే ఆట. ఉద్యోగం దాని మీదే వస్తుంది. మా ఊళ్ళో ఏ తండ్రి అయినా పిల్లను గ్రౌండుకు పంపేముందు ఆ లెక్క వేసుకుంటాడు. వేసుకోవాల్సిందే. అయితే ఆ సర్టిఫికెట్‌కు పనికొచ్చే పోటీలు చాలావరకు పదహారు, పద్దెనిమిదేళ్ళ తర్వాతివి. పదకొండేళ్ళ పిల్ల మీద ఆ లెక్క రుద్దితే లాభం ఎవరికి? పన్నెండు నెలల ప్యాకేజీ అమ్ముకునేవాళ్ళకు. ఒక ఋతువులో పరుగు, ఇంకో ఋతువులో కబడ్డీ, సెలవుల్లో సైకిలు అంటే ఆ ప్యాకేజీ అమ్ముడుపోదు.

ఆడపిల్లల విషయంలో ఈ నష్టం రెట్టింపు. వోస్ అన్ని చోట్లా పోటీ చెయ్యడానికి ఇష్టం ఒక కారణమైతే, ఆనాటి మహిళల రోడ్డు సైక్లింగ్‌లో డబ్బూ రేసులూ తక్కువ కావడం మరో సంగతి. 2013లో ఆమె, తోటి క్రీడాకారిణులు ఎమ్మా పూలీ, కాథరిన్ బెర్టీన్, క్రిస్సీ వెల్లింగ్టన్ కలిసి ఆడవాళ్ళకూ టూర్ ద ఫ్రాన్స్ కావాలని సంతకాల ఉద్యమం నడిపారు. మరుసటి ఏడు ఒక్కరోజు రేసు పెట్టారు, అది వోసే గెలిచింది. పూర్తి టూర్ 2022లో వచ్చింది. అందులో వోస్ రెండు స్టేజీలు గెలిచి పసుపు జెర్సీ వేసుకుంది. తొమ్మిదేళ్ళు ఒకే తలుపు ముందు నిలబడి ఉంటే ఆమె ఆ టూర్ నాటికి మిగిలేది కాదు. మిగతా తలుపులు తెరిచి ఉన్నాయి కాబట్టే నిలిచింది. మన దగ్గర ఈడొచ్చిన పిల్లకు ఒక ఆట ఇంట్లోనో బడిలోనో మూతపడితే, చేతిలో రెండోది లేకపోతే కథ అక్కడికే సరి.

చెల్పూర్, గణపురం, భూపాలపల్లి బడుల్లోని పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, పిల్లల్ని గ్రౌండుకు పంపే అమ్మానాన్నలకు నేనడిగేది పెద్దదేం కాదు. రిజిస్టరులో పిల్ల పేరు ఎదురుగా "ఆట" అని ఒక గడి ఉంటుంది. పదిహేనేళ్ళు నిండేదాకా దాన్ని ఒక్క మాటతో నింపకండి. వారానికి ఎన్ని రోజులు విశ్రాంతో మాత్రం ఇప్పుడే రాసిపెట్టండి.